పాత జీపు చాసీకి తుప్పు: గీకి రంగు వేస్తే చాలా, అతుకు వేయాలా, చాసీయే మార్చాలా?

అనంతపురం వైపు ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఇంత ఎండనేలలో బండికి తుప్పేమిటి అనిపిస్తుంది. బాడీ రేకు వరకు ఆ మాట చాలా మటుకు నిజమే. ఇక్కడే కొని ఇక్కడే తిరిగిన మహీంద్రా జీపులు, అంటే కమాండర్లు, మేజర్లు, ఎంఎం 540ల బానెట్లు, తలుపులు సముద్రతీరపు బండ్ల కన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ నిలుస్తాయి. బండి బరువు మోసే కింది చట్రం, అంటే చాసీ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మన వైపు చాసీని తినేది లోపల ఇరుక్కున్న మట్టి. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి ఒకసారి చాసీ పెట్టెలోకి (నాలుగు వైపులా మూసి ఉన్న భాగంలోకి) చేరితే వాన వెలిసి వారాలైనా తడి వదలదు. చౌడు నేల మట్టిలో ఉప్పు ఉంటుంది. చేనికి ఎరువు మూటలు తోలిన జీపుల్లో పొటాష్ రాలి ఫ్లోరు సందుల్లోంచి చాసీ మీద పడుతుంది. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఇనుముకు అదీ ఉప్పే. దానికి తోడు ఉప్పు బోరు నీళ్లతో కడగడం. ఉప్పు చేరిన ఇనుము తక్కువ తేమకే తుప్పు పడుతుంది. అందుకే బయట నల్లగా, నున్నగా కనిపించే చాసీ లోపలి నుంచి పలచబడి ఉంటుంది.

ఏ రంగు వేయించాలి అన్న ప్రశ్నతో మొదలుపెడితే డబ్బు బయటి వైపుకే పోతుంది. ఎంత ఇనుము మిగిలింది, లోపలి వైపుకు చేయి గానీ బ్రష్ గానీ అందుతుందా, ఈ రెండూ తేలాకే మిగతా మాట.

ముందు కొలత

జీపును సమతలమైన బండల మీద నిలిపి, నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకూడదు. మట్టిని నీళ్లతో కాకుండా ముందు ఉలి, పుల్లతో పొడిగా రాల్చండి. నీళ్లు కొడితే అది బురదై ఇంకా లోపలికి పోతుంది.

తర్వాత అరకిలో సుత్తితో రైలు (చాసీకి రెండు పక్కలా పొడవునా ఉండే దూలం) పొడవునా బెత్తెడుకొక దెబ్బ తడుతూ పోవాలి. మంచి ఇనుము ఖణేల్‌మంటుంది. పొరలు లేచిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. అక్కడ పాత స్క్రూడ్రైవర్‌ను గట్టిగా ఒత్తి చూడండి. దిగబడితే అక్కడ రంధ్రం ఉన్నట్టే లెక్క. సుత్తి తగలాల్సిన చోట్లు ముఖ్యంగా ఇవి: వెనక కమాను పట్టీల చివరను చాసీకి తగిలించే షాకిల్ బ్రాకెట్ల చుట్టూ, రైళ్లను కలిపే అడ్డ దూలాల్లో (క్రాస్ మెంబర్లలో) చివరిదాని కింద, బాడీ మౌంటు రబ్బర్ల కింద, బ్యాటరీ ట్రే కింది భాగం, ముందు చక్రం వెనక వైపు, గేర్‌బాక్స్ క్రాస్ మెంబరు చివరలు, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ వేసి రివెట్ కొట్టిన ప్రతి చోటు. ఆ చివరిదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండు పట్టీల మధ్య చేరితే వాటిని విడదీసుకుంటూ పోతుంది, రివెట్లు వదులవుతాయి. పట్టీల మధ్య అంచు ఉబ్బి కనిపిస్తే పైన ఎంత రంగు వేసినా ఆ ఉబ్బు ఆగదు.

స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట తుప్పు కన్నా పగుళ్ల కోసం చూడాలి. బురద తుడిచి, వైర్ బ్రష్ కొట్టి, పక్కన మనిషిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమంటే పగులు నోరు తెరిచి మూయడం కంటికే కనిపిస్తుంది.

మందం కొలవడానికి రైలు అంచులో వెర్నియర్ కాలిపర్ చాలు. మూసి ఉన్న పెట్టెకు అల్ట్రాసోనిక్ మందం మీటరు కావాలి. పైపులు, ట్యాంకులు తనిఖీ చేసేవాళ్ల దగ్గర అది ఉంటుంది. లోపల చూడటానికి ఫోనుకు తగిలించే వైరు కెమెరా ఎంతో పనికొస్తుంది. నీళ్లు కారడానికి వదిలిన రంధ్రంలోంచి దూర్చి చూస్తే లోపల మట్టి ఎంత ఉందో, పొరలు లేచాయో తెలిసిపోతుంది. తుప్పు లేని చోట ఒక కొలత తీసుకుని దానితో పోల్చండి. అక్కడ 3 మిల్లీమీటర్లు ఉండి, తుప్పు చోట 2.5 పైన మిగిలితే అది పూతతో ఆగే పని. 2 కి దగ్గరైతే లేదా రంధ్రం పడితే వెల్డింగ్. రెండు రైళ్లలోనూ, అందులోనూ షాకిల్, స్టీరింగ్ చోట్ల ఇలాగే ఉంటే చాసీ మార్చే ఆలోచన చేయాలి.

పాత జీపుల రైళ్లలో చాలా భాగం ఒక పక్క తెరిచి ఉన్న సి-చానెల్, ముందు వైపు కొంత దూరం పెట్టెలా మూసి ఉంటుంది. మారుతీ జిప్సీది పూర్తిగా పెట్టె చాసీ. సి-చానెల్ తుప్పు కంటికి కనిపిస్తుంది, బ్రష్ అందుతుంది. పెట్టెలో తుప్పు కనిపించేసరికి పని ముదిరి ఉంటుంది. అందుకే ఒకే ఏడాది బండ్లయినా జిప్సీకి, జీపుకు ఒకే సలహా పనికిరాదు.

గీకి, మందు రాసి, రంగు

పైపైన తుప్పుకు ఇది చాలు, ఖర్చూ తక్కువ. యాంగిల్ గ్రైండర్‌కు మెలితిప్పిన తీగల కప్ బ్రష్ వేసి ఊడే తుప్పంతా తీయాలి. మూలల్లో చేత్తో బ్రష్, ఉలి. కళ్లద్దాలు తప్పనిసరి, కప్ బ్రష్ తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. తర్వాత గ్రీజు తీయాలి. డీజిల్‌తో తుడిచి అలాగే వదిలేస్తే ఆ జిడ్డు మీద రంగు పొట్టులా లేస్తుంది. డీజిల్ తర్వాత సబ్బు నీళ్లు, ఆరాక థిన్నర్ గుడ్డ.

ఇప్పుడు రస్ట్ కన్వర్టర్. టానిక్ ఆమ్లం ఉన్నదైతే తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నదైతే బూడిద తెలుపుగా. రెండూ తడిగా ఉన్నంతసేపే పని చేస్తాయి. మన దగ్గర పని చెడేది ఇక్కడే. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఎండలో కాగిన ఇనుము మీద రాస్తే అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది, కింద తుప్పు అలాగే ఉండిపోతుంది. నీడలో, ఉదయం పూట, ఇనుము చేతికి చల్లగా ఉన్నప్పుడు రాయండి. 15 నుంచి 20 నిమిషాలు తడి ఆరకుండా మళ్లీ మళ్లీ బ్రష్ తడుపుతూ ఉండాలి. ఒక లీటరు జీపు చాసీకి సరిపోతుంది. మందపాటి పొరల మీద ఇది పనికిరాదు, పై పొర మాత్రమే మారుతుంది. ఫాస్ఫారిక్ రకం వాడితే మిగిలిన ఆమ్లాన్ని డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి, లేకపోతే పైన వేసే ఎపాక్సీ రంగుకు పట్టు దొరకదు.

పైన రెడాక్సైడ్ వేసి ఎనామిల్ కొట్టడం మన షాపుల్లో ఆనవాయితీ. గేటుకు, గ్రిల్లుకు అది సరిపోతుంది. రాళ్లు ఎగిరి కొట్టే, బురద పట్టే చాసీకి రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరే మేలు. ఖర్చు పెరుగుతుంది కానీ నీళ్లను ఆపే శక్తికి పోలికే లేదు. తేమతో గట్టిపడే యూరిథేన్ రకాలు కూడా దొరుకుతాయి. తుప్పు మీద పట్టు బాగుంటుంది, కానీ గాలిలో తేమ తగ్గిన మార్చి, ఏప్రిల్‌లలో నెమ్మదిగా గట్టిపడతాయి. ఎండ తగిలే చోట పైన ఇంకో పూత కావాలి. డబ్బా మూత అంచు తుడవకుండా మూస్తే మళ్లీ తెరవలేరు.

సాండ్ బ్లాస్టింగ్, దాని మీద ఎపాక్సీ

గాలి ఒత్తిడితో గరుకు రవ్వను చిమ్మి తుప్పు తీయడమే బ్లాస్టింగ్. బాడీ ఎలాగూ దించుతున్నారంటే మా ఓటు దీనికే. గుంటలు పడిన తుప్పులో కప్ బ్రష్ పైపైన రుద్ది మెరిపిస్తుందే తప్ప గుంట అడుగుకు అందదు. బ్లాస్టింగ్ అడుగు వరకు శుభ్రం చేసి, రంగు పట్టుకోవడానికి గరుకు కూడా ఇస్తుంది. ఇంకో లాభం, ఎక్కడ ఇనుము పోయిందో అప్పుడే నిజంగా తెలుస్తుంది. బ్లాస్టింగ్ అయ్యాక కొత్త రంధ్రాలు బయటపడటం మామూలే. కాబట్టి వెల్డింగ్ మేస్త్రీతో మాట్లాడుకున్నాకే బ్లాస్టింగ్‌కు పంపండి.

ఇసుక వాడొద్దని చెప్పండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది. గార్నెట్ లేదా కాపర్ స్లాగ్ రవ్వ అడగండి, పని చేసే మనిషికి గాలి అందే హుడ్ ఉందో లేదో చూడండి. పంపే ముందు చాసీ నంబరు కొట్టిన చోటు మీద మందపాటి టేపు నాలుగు పొరలు వేయాలి. చాలా జీపుల్లో అది కుడివైపు ముందు రైలు మీద ఉంటుంది. ఆ అక్షరాలు చెరిగితే ఆర్‌సీ రెన్యువల్‌కు బండి తనిఖీ చేసే రోజు ఏ రంగూ మిమ్మల్ని కాపాడదు. ఇరుసులు విప్పకుండా పంపితే గ్రిట్ (ఆ రవ్వ) బేరింగుల్లోకి పోతుంది. చాసీ ఒట్టిదే పోవాలి.

బ్లాస్ట్ చేసిన ఇనుము పచ్చిది. నాలుగు గంటల్లోపు ప్రైమర్ పడాలి. ఎండాకాలంలో కాస్త ఆలస్యమైనా నడుస్తుంది, అక్టోబరు, నవంబరుల్లో కడప వైపు ఈశాన్య వానల తేమలో రాత్రంతా వదిలితే తెల్లారేసరికి ఎర్ర పొర వచ్చేస్తుంది. మొదటి కోటు జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ, 60 నుంచి 75 మైక్రాన్లు. జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్‌ను బ్లాస్ట్ చేసిన ఇనుము మీదే వేయాలి. అందులోని జింక్ ఇనుమును తాకితేనే పని, తుప్పు మిగిలిన చోట వేస్తే దాని ధర వృథా. అంచులు, వెల్డింగ్ వరసలు, బోల్టు రంధ్రాలకు స్ప్రే ముందు బ్రష్‌తో ఒక కోటు పూయండి, అంచు మీద రంగు ఎప్పుడూ పలచగానే నిలుస్తుంది. పొట్టి జీపు చాసీకి రెండు కోట్లకు 3 నుంచి 4 లీటర్ల ఎపాక్సీ పడుతుంది. ఎండ తగిలే బంపర్ల వైపు మాత్రం పైన పాలియూరిథేన్ కోటు ఉండాలి, ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడిబారుతుంది.

వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ గట్టిపడే సమయం దాదాపు సగమవుతుంది. డబ్బా మీద రాసిన గంటలు సాధారణంగా 25 డిగ్రీల దగ్గరవి. మేలో ఒకేసారి రెండు లీటర్లు కలిపితే గన్నులోనే బిగుసుకుంటుంది. అర లీటరు చొప్పున కలపండి, ఉదయం పదిలోపు ముగించండి. అనంతపురంలో జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలిలో బయట స్ప్రే చేస్తే పూత ఇసుక కాగితంలా తయారవుతుంది. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అప్పుడు కూడా తెల్లవారుజామున మంచు పట్టిన ఇనుము మీద వేయకుండా ఎండ తగిలి వెచ్చబడ్డాక మొదలుపెట్టండి.

పౌడర్ కోటింగ్, గాల్వనైజింగ్

పౌడర్ కోటింగ్ అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చూడటానికి బాగుంటుంది, కొత్త గేట్లకు, సీట్ల ఫ్రేములకు సరే. గుంటలు పడిన పాత చాసీకి వద్దంటాం. 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చిన ఆ పొర గట్టిదే కానీ రాయి తగిలి ఒక చోట చిట్లితే నీళ్లు పొర కిందికి పాకుతాయి. కింద తుప్పు నడుస్తుంటే పైన మాత్రం మెరుస్తూనే ఉంటుంది. పైగా మీ ఊళ్లో దాన్ని అతికి పూయలేరు.

హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే కరిగిన జింక్‌లో ముంచడం, అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది, పెట్టె లోపలికి కూడా జింక్ చేరుతుంది. అదే దాని గొప్ప. కానీ చాసీని ముందు ఆమ్లంలో ముంచుతారు. రివెట్ పట్టీల మధ్యకు పోయిన ఆమ్లం తర్వాత నెలల తరబడి కారుతుంది. 450 డిగ్రీల జింక్ తొట్టిలో మూసిన పెట్టెకు గాలి రంధ్రాలు లేకపోతే లోపలి తేమ ఆవిరై పేలే ప్రమాదం ఉంది. పాత ఇనుములోని బిగువులు వదిలి చాసీ మెలిక తిరగొచ్చు కూడా. పలచబడిన, రివెట్లున్న జీపు చాసీకి ఇది ఎంచుకోవద్దు. అతుకులన్నీ పూర్తయి, గట్టిగా ఉండి, ఇంకో ఇరవై ఏళ్లు ఉంచుకునే జిప్సీ లాంటి పెట్టె చాసీకైతే ఆలోచించవచ్చు. ముంచాక ఇక వెల్డింగ్ పెట్టుకోవద్దు, జింక్ పొగ పీల్చితే ఆ రాత్రి చలి జ్వరం వస్తుంది.

అతుకు వేయించేటప్పుడు

తుప్పు మీద పట్టీ పెట్టి చుట్టూ వెల్డింగ్ కొట్టడం అతి మామూలుగా జరిగే తప్పు. అది లోపలి తుప్పును మూసి పెట్టడమే, రెండేళ్లలో పట్టీ పక్కనే కొత్త పగులు వస్తుంది. కుళ్లిన భాగాన్ని మంచి ఇనుము తగిలే దాకా కోసేయాలి. అదే మందం ఉన్న మైల్డ్ స్టీల్ ముక్కను అంచుకు అంచు కలిపి వెల్డ్ చేసి, నున్నగా రుద్ది, అవసరమైతేనే పైన పట్టీ. పట్టీ రెండు పక్కలా మంచి ఇనుము మీదికి కనీసం 50 నుంచి 75 మిల్లీమీటర్లు పోవాలి. దాని చివరలు నిలువుగా కాకుండా ఏటవాలుగా, వజ్రం ఆకారంలో ఉండాలి. నిలువు గీతలా వెల్డ్ చేస్తే చాసీ వంగినప్పుడల్లా బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. రైలు పై అంచు, కింది అంచుల చివరన వెల్డింగ్ రాకూడదు. మందం ఎక్కువైతే బలం ఎక్కువ అనుకుని 6 మిల్లీమీటర్ల ప్లేటు పెట్టే మేస్త్రీలున్నారు. ఆ చోటు బిగుసుకుపోయి, వంపు అంతా పక్కకు జరిగి అక్కడ విరుగుతుంది.

పగులుకైతే రెండు చివర్లలో 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, అప్పుడే అది పాకడం ఆగుతుంది. తర్వాత పగులు వెంట వి ఆకారంలో గాడి తీసి నింపాలి.

తీగను దానంతట అదే అందించే మిగ్ వెల్డింగ్ మెషీన్ ఉన్న షాపు దొరికితే 0.8 మిల్లీమీటర్ల తీగతో పని శుభ్రంగా వస్తుంది. రాడ్డుతో చేసే ఆర్క్ వెల్డింగ్ అయినా తప్పు లేదు, 2.5 మిల్లీమీటర్ల 6013 రాడ్డుతో 3 మిల్లీమీటర్ల ప్లేటుకు 70 నుంచి 90 ఆంపియర్లు సరిపోతాయి. 7018 రకం రాడ్డు బలమైనదే కానీ ఆ రాడ్లు తేమ పీల్చుకుంటాయి. విప్పిన పాకెట్‌లోంచి తీసి కాల్చకుండా వాడితే వెల్డ్‌లో బుడగలు పడతాయి. వేలెడంత కొట్టి, ఎదురు వైపుకు పోయి, మళ్లీ రావాలి. ఒకే ఊపున లాగితే వేడికి రైలు వంగుతుంది. కోసే ముందు రైళ్ల మధ్య యాంగిల్ తాత్కాలికంగా బిగించి, మూలకు మూల కర్ణం కొలిచి రాసుకోండి. పని అయ్యాక రెండు కర్ణాల తేడా 5 మిల్లీమీటర్లు దాటకూడదు. క్రాస్ మెంబర్లు ఒక్కొక్కటిగానే మార్చాలి.

బ్యాటరీ రెండు వైర్లూ, ఆల్టర్నేటర్ వైరూ విప్పాలి. డీజిల్ ట్యాంకు దించాలి. బ్రేకు పైపులు పక్కకు జరపాలి. అసలు చాసీ బయటపడినప్పుడే వాటిని కొత్తవి వేయించుకుంటే మళ్లీ విప్పే పని తప్పుతుంది. ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే పెట్టాలి, దూరంగా ఇరుసు మీద పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాలుస్తుంది. పక్కన నీళ్లతో ఒక మనిషి ఉండాలి.

చాసీయే మార్చాలంటే

విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల పాత చాసీలు దొరుకుతాయి. ధర కన్నా కాగితం ముందు చూడండి. ఆ చాసీ మీద ఇంకో బండి నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలతో సరిపోలకుండా బండిని మార్చకూడదు. చాసీ మార్చాలంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి. పాత నంబరును ముక్కగా కోసి కొత్త దానిపై అతికించమని ఎవరైనా చెబితే ఆ షాపు నుంచి వెళ్లిపోండి. ఆర్‌సీ మొదట 15 ఏళ్లకు, తర్వాత అయిదేళ్లకొకసారి రెన్యువల్. ఎక్కువ డబ్బు పెట్టే ముందు మీ ఆర్‌సీ ఎన్నాళ్లుందో చూసుకోండి. ముందు తనిఖీ గట్టెక్కించి తర్వాత పెద్ద పని పెట్టుకోవడం క్షేమం. పాత చాసీ కొన్నా పైన చెప్పిన కొలతలన్నీ దానికీ తీయాలి. కొత్తగా నల్ల రంగు కొట్టిన చాసీ మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం నడపండి. పట్టు జారిన చోట లప్పం ఉంటుంది.

లోపలికి ఏం పోయాలి

బయట ఏ దారి ఎంచుకున్నా పెట్టె లోపలి పని వదిలితే మళ్లీ మొదటికే. పాత నీటి రంధ్రాలన్నీ తీగతో తెరిచి, గాలి కొట్టి మట్టి, గ్రిట్ రాల్చండి. చివరి కడుగుడు వాన నీళ్లతోనో కాలువ నీళ్లతోనో చేయండి. రెండు రోజులు ఎండలో ఆరాక నాలుగు దిక్కులా చిమ్మే గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (పెట్టె లోపలికి పట్టించే మైనం) పట్టించాలి. పూర్తి చాసీకి 2 నుంచి 3 లీటర్లు. వేడి రోజైతే బాగా పాకుతుంది, ఒకటి రెండు రోజులు కారుతుంది కాబట్టి కింద అట్టలు పరచండి. రెండేళ్లకొకసారి మళ్లీ పట్టించాలి.

చాలా గ్యారేజీల్లో వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. తుప్పు కొంత నెమ్మదిస్తుంది, నిజమే. కానీ మన ఎర్ర దుమ్ము దానికి అంటుకుని తడిని పట్టుకునే పేస్టు అవుతుంది, బుష్ రబ్బర్లు ఉబ్బి చీలుతాయి, బ్రేకు షూలకు తగిలితే ప్రమాదం. తారు రకం అండర్‌బాడీ కోటింగ్ శుభ్రమైన కొత్త ఇనుము మీద పరవాలేదు. పాత తుప్పు మీద కొడితే అది చిట్లి లోపల నీళ్లు దాచుతుంది, మీకు కనిపించనివ్వదు.

బిగించేటప్పుడు ఎర్త్ పట్టీ కూర్చునే చోట రంగు గీకి, బోల్టు బిగించాక పైన గ్రీజు రాయండి. ఇది మరిచిపోతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మసకబారతాయి, మంచి బ్యాటరీని అనవసరంగా మార్చేస్తారు. బాడీ మౌంటు రబ్బర్లు కొత్తవే వేయండి. నెల తిరిగాక షాకిల్, బాడీ బోల్టులు ఒకసారి మళ్లీ బిగించి, బిగించిన చోట చిట్లిన పూతకు బ్రష్‌తో ఎపాక్సీ పూయాలి.